గేటు వైపు సీటు

మా వైపు పికప్పు బండిలో ముగ్గురు కూర్చుని వెళ్తూంటే, వాళ్ళలో తెలివైనవాళ్ళెవరో చూడగానే చెప్పేయొచ్చు. ఎడమవైపు మనిషి బండి నడపాలి. కుడివైపు మనిషి గేటు వచ్చినప్పుడల్లా దిగాలి, తీయాలి, బండి దాటాక మూయాలి, మళ్ళీ ఎక్కాలి. మధ్యలో కూర్చున్నవాళ్ళకు పనీ లేదు, పాపమూ లేదు. నేనెప్పుడూ మధ్యలోనే కూర్చుంటాను.

నా పేరు ఓర్లీన్. పెళ్ళి ఒకసారి చేసుకుని చూశాను, నప్పలేదు. అప్పటినుంచీ మా అక్క వెల్డా ఇంట్లోనే ఉంటున్నాను. మా బావ హాలిస్ మంచివాడే. వాన కోసం తప్ప దేవుణ్ణి దేనికీ ఇబ్బంది పెట్టడు. కానీ పెళ్ళైన దగ్గర్నుంచీ ఆయన ఎడమవైపే కూర్చున్నాడు, అక్క కుడివైపే కూర్చుంది. తారు రోడ్డు మలుపు నుంచి మా ఆఖరి మేత పొలం దాకా ఏడు గేట్లు. పోతే ఏడు, వస్తే ఏడు. నలభై ఏళ్ళకు ఎన్నవుతాయో మీరే వేసుకోండి, నేను వేస్తే నాకు ఏడుపొస్తుంది.

గేటంటే వేలితో తోస్తే తెరుచుకునేది అనుకునేరు. నాలుగు వరసల ముళ్ళతీగ, దాని చివర ఒక కర్ర. కర్ర అడుగును పక్కన పాతిన గుంజకున్న కింది ఉచ్చులో పెట్టాలి. పై భాగాన్ని భుజంతో నెట్టి, చెంపకు ఆనించి, పళ్ళు బిగబట్టి, పై ఉచ్చును దాని నెత్తిన తొడగాలి. పట్టు జారిందా, తీగ ఎగిరొచ్చి మొహం మీద సంతకం పెడుతుంది. తీగ వదులైతే ఆవులు తప్పించుకుంటాయని బావ ప్రతి ఏడూ దాన్ని ఇంకాస్త లాగి బిగించేవాడు. బిగించడం ఆయన వంతు, మూయడం అక్క వంతు.

మరి ఒంటరిగా వెళ్ళేటప్పుడు ఆయనే తీసుకోవాలి కదా అంటారేమో. ఒంటరిగా వెళ్తే గదా! దాణా వేయడానికి బయల్దేరినప్పుడల్లా గుమ్మంలో నిలబడి, “వెల్డా, కాస్త గాలి పీల్చుకుందువుగాని రా,” అనేవాడు. పెళ్ళైన కొత్తలో అక్క అది ప్రేమ అనుకుంది.

కిందటి చలికాలం అక్క తుంటికి ఆమరిల్లో పెద్దాసుపత్రిలో ఆపరేషన్ అయింది. ఎముక తీసి ఇనుము పెట్టారు. ఆమె మంచంలో ఉన్నన్నాళ్ళూ బావ నన్ను గాలి పీల్చుకోవడానికి పిలిచాడు. మోచేతి మీద మచ్చ ఇంకా పోలేదు. అందుకే ఈ కథలో నేనెవరి పక్షమో దాచడం లేదు.

అక్క లేచి తిరగడం మొదలుపెట్టిన వారంలోనే బావ పాత పికప్పు ప్రాణం విడిచింది. గేరు వేయబోతే లోపల ఏదో పటపటా పళ్ళు నూరి, దాణా కొట్టు ముందే చతికిలబడింది. తాడు కట్టి ఇంటికి లాక్కొచ్చాం. బావ టోపీ తీసి దాని ముందు కాసేపు నిలబడ్డాడు. మా నాన్న పోయినప్పుడు కూడా అంతసేపు తీయలేదు.

మర్నాడు పొద్దున్నే గుడ్ల పళ్ళెం ముందు కూర్చుని ప్రకటించాడు.

“పికప్పే. పెద్ద పికప్పు. ఒక్క వరస సీటు, వెనక పొడుగాటి తొట్టి. దేవుడు మగాడి కోసం చేసిన బండి అదొక్కటే.”

“ఎస్‌యూవీ,” అంది అక్క, కాఫీ పోస్తూ. “అది కూడా పెద్దదే. మూడు వరసలు.”

“మూడు వరసల్లో ఎవర్ని కూచోబెడతావే? ఆవుల్నా?”

“నన్ను. రెండో వరసలో. పక్కన నా చెల్లెల్ని.”

“అది బండి కాదు వెల్డా, చక్రాలున్న సోఫా. అందులో నన్ను చూశారంటే, డాలస్ నగరం నుంచి జింకల వేటకొచ్చిన పళ్ళ డాక్టరనుకుంటారు.”

“అనుకోనీ. నువ్వు నవ్వితే వాళ్ళ అనుమానం వాళ్ళకే తీరిపోతుంది.”

బావ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నావైపు చూశాడు. “చూశావా ఓర్లీన్, మీ అక్క నోరు?”

“నన్ను లాగకు బావా. నేను మధ్యలో కూర్చునేదాన్ని.”

ఆయన కాఫీ కబుర్లకు ఊళ్ళోకి పోయాక, గిన్నెలు కడుగుతూ అక్క అసలు సంగతి చెప్పింది. ఆమెకు సోఫా మీదా మోజు లేదు, పికప్పు మీదా కోపం లేదు.

“నాకు ఇంకో గేటు తియ్యాలని లేదే ఓర్లీన్. అంతే. చచ్చేదాకా ఇంకొక్క గేటు తియ్యను. రెండో వరసలో కూచుంటే ముందు కుడివైపు సీటు ఖాళీగా ఉంటుంది. ఖాళీ సీటు దిగి గేటు తియ్యదు గదా. మరి ఎవరు తియ్యాలి?”

“నడిపేవాడు,” అన్నాను.

“అదీ!” అంది, సబ్బు నురగలోంచి వేలెత్తి. ఆ ముఖంలో వెలుగు చూసి నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. నలభై ఏళ్ళకు మా అక్క కోరుకున్న వరం ఒక సీటు వెనక్కి జరగడం.

అదేదో మొగుడితో నేరుగా చెప్పొచ్చు కదా అనకండి. మా వైపు మనుషులు ఆవుల గురించి, వాన గురించి గంటలకొద్దీ మాట్లాడతారు. నొప్పి గురించి మాత్రం డాక్టరు అడిగితే, అదీ రెండోసారి అడిగితే చెబుతారు.

మా ఊరి బండ్ల వ్యాపారి లాయిడ్ దగ్గర రెండు బండ్లూ ఉన్నాయి. తెలిసినవాళ్ళకు తాళాలిచ్చి, “తీసుకెళ్ళి తిప్పి చూడండి,” అనడం ఇక్కడి పద్ధతి. కానీ బావ ఎస్‌యూవీని గేటు లోపలికి రానివ్వనన్నాడు. వారం రోజులు ఇంట్లో అదే రామాయణం. చివరికి ఓ సాయంత్రం, వాదనలో ఊపిరాడక, ఆయన ఓ మాట జారాడు.

“అసలు నా ఆవులు ఒప్పుకోవాలి గదే! పికప్పంటే అవి వెనకాల పరిగెత్తుకుంటూ వస్తాయి. ఆ సోఫాని చూసి ఒక్క ఆవు కూడా తల ఎత్తదు. మంద మొత్తం దాని వెంట వస్తే ఏ బండి కొనాలో నువ్వే చెప్పు. నేను నోరెత్తను.”

“చెయ్యి కలుపు,” అంది అక్క.

బావ కలిపాడు. మా వైపు చెయ్యి కలిపి ఊపితే అది కోర్టు కాగితం కన్నా గట్టిది. ఆయన అంత ధీమాగా ఊపడానికి కారణం ఉంది. మా ఆవులు పికప్పును చూసి రావు, దాని హారన్ విని వస్తాయి. అసలు హారన్ ఎప్పుడో మూగబోతే, తుక్కుగా పడి ఉన్న ధాన్యం లారీ నుంచి ఒకటి ఊడదీసి బావే బిగించాడు. గొంతు బొంగురుపోయిన దున్నపోతులా అరుస్తుంది. అది వినపడిందంటే దాణా వచ్చిందని అర్థం. కొండ అవతల పడుకున్న ఆవు కూడా లేచి పరిగెత్తుతుంది. ఎస్‌యూవీ హారన్ అయితే చర్చిలో దగ్గినట్టు ఉంటుంది.

మర్నాడు బావ కాఫీ కబుర్లకు పోగానే అక్క గరాజులోంచి రెంచీలు తెచ్చింది. మా నాన్న ట్రాక్టర్లు బాగుచేసేవాడు. మేం బొమ్మలడిగితే రెంచీలిచ్చేవాడు. పాత పికప్పు ముందు మూత ఎత్తి, హారన్ ఊడదీసి, గడ్డి కోసే మెషీను బ్యాటరీకి తగిలించి, ఒక బటన్ పెట్టి, అంతా పిక్నిక్కుల ఐస్‌బాక్సులో సర్దాం. నేను బటన్ మీద వేలు పెట్టగానే అక్క నా చెయ్యి పట్టుకుంది.

“ఇప్పుడు కాదే పిచ్చిదానా! మంద మొత్తం వంటింట్లోకొస్తుంది.”

ఇద్దరం అక్కడే బండికి ఆనుకుని కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాం. ఆపరేషన్ తర్వాత ఆమె అలా నవ్వడం అదే మొదలు.

శనివారం లాయిడ్ ఎస్‌యూవీ తాళాలిచ్చాడు. తెల్లగా, మిలమిలలాడుతూ, బాతులా ఉంది. అక్కా నేనూ రెండో వరసలో రాణుల్లా కూర్చున్నాం. కాళ్ళ దగ్గర ఐస్‌బాక్సు. “దేనికది?” అన్నాడు బావ. “చల్లటి టీ,” అన్నాను. వెనక తలుపు దగ్గర ఒక దాణా బస్తా. మా కుక్క డీకన్ ఎప్పుడూ పికప్పు తొట్టిలో నిలబడి ఊరేగేది. దీనికి తొట్టి లేదని చూసి, చుట్టూ రెండుసార్లు తిరిగి, చివరికి అవమానం దిగమింగుకుని ముందు కుడివైపు సీటెక్కింది.

ఊరు దాటుతూంటే ఎదురొచ్చిన ప్రతి బండికీ బావ స్టీరింగు మీద చూపుడు వేలు ఎత్తాడు. అది మా పలకరింపు. ఒక్కరూ తిరిగి ఎత్తలేదు. ఎత్తరు మరి, ఇక్కడ ఎవరూ మొహాలు చూడరు, బండిని చూసి మనిషిని గుర్తుపడతారు. ముప్పై ఏళ్ళ స్నేహితుడు కూడా పరాయివాణ్ణి చూసినట్టు చూసి వెళ్ళిపోయాడు.

“చూశావా?” అన్నాడు బావ దిగులుగా. “పళ్ళ డాక్టరే.”

మొదటి గేటు వచ్చింది. బండి ఆగింది.

ఎవరూ కదల్లేదు. బావ అద్దంలోంచి వెనక్కి చూశాడు. అక్క కిటికీలోంచి ఆకాశం చూస్తోంది. నేను నా గోళ్ళు చూసుకున్నాను.

“గేటు,” అన్నాడు బావ.

“అవును, గేటే,” అంది అక్క.

“ఎవరో ఒకరు దిగాలి గదా.”

“ముందు కుడివైపు ఎవరుంటే వాళ్ళు దిగాలి. నువ్వు పెట్టిన రూలేగా.”

బావ కుక్కవైపు చూశాడు. “డీకన్, నీ వంతటరా.” డీకన్ ఆవలించింది.

ఆ తర్వాత బావ ఇంజిన్ ఆపలేదు, తలుపు తీయలేదు. స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేస్తూ ఈల వేసుకుంటూ కూర్చున్నాడు. అందులో పంతం కూడా లేదు, అదే నాకు ఒళ్ళు మండించింది. వాన ఆగేదాకా చూరు కింద నిలబడ్డవాడిలా కూర్చున్నాడు. గేటు తనంతట తనే తెరుచుకుంటుందని ఆయన నమ్మకం. నలభై ఏళ్ళుగా తెరుచుకుంటూనే ఉంది మరి.

నేను ఉండబట్టలేక తలుపు మీద చెయ్యి వేశాను. అక్క నా కన్నా ముందు దిగిపోయింది. ఇనుప తుంటితో మెల్లగా నడుచుకుంటూ వెళ్ళి కర్రను కౌగిలించుకుంది. పికప్పులో అయితే ముందు సీటు నుంచి గేటు నాలుగడుగులు. ఇప్పుడు బండి పొడుగంతా నడవాలి. తిరిగొచ్చి కూర్చున్నాక ఆమె ముఖంలో వంటింట్లో చూసిన వెలుగు లేదు.

“వరస మారితే లాభం లేదే ఓర్లీన్,” అంది నా చెవిలో. మిగతా ఆరు గేట్లూ కూడా తనే తీసింది. ఏదో ఆలోచిస్తోందని మాత్రం నాకు తెలిసింది. ఆమె ఆలోచించేటప్పుడు కింది పెదవి లోపలికి పోతుంది.

మేత పొలం మధ్యలో బావ బండి ఆపాడు. ఆవులు దూరంగా వాగు పక్కన నల్లటి చుక్కల్లా ఉన్నాయి. ఆయన హారన్ నొక్కాడు. చర్చిలో దగ్గు. ఒక్క తోక కూడా ఆడలేదు. మళ్ళీ నొక్కాడు. ఒక ఆవు మావైపు చూసి, వీపు తిప్పుకుంది.

“పాపం, అవేం చేస్తాయి,” అన్నాడు బావ, నవ్వు ఆపుకోలేక. “పళ్ళ డాక్టరంటే ఎవరికైనా భయమే. పదండి, లాయిడ్‌కి తాళాలిచ్చేసి—”

అక్క మూత తీసి బటన్ నొక్కింది.

బండి అద్దాలు గలగలలాడాయి. డీకన్ సీటు కిందికి దూరింది. వాగు పక్కన చుక్కలన్నీ ఒక్కసారిగా లేచి, పెద్దవవుతూ, దుమ్ము రేపుకుంటూ మా మీదికి వచ్చేశాయి.

“అది నా హారన్!” అని కేక పెట్టాడు బావ.

“చల్లటి టీ,” అన్నాను నేను.

అప్పటికే మంద చుట్టుముట్టింది. ఒకటి అద్దాలు నాకుతోంది, ఒకటి తలుపుకు వీపు రుద్దుకుంటోంది. లాయిడ్ తెల్లబాతు నిమిషంలో చొంగతో, బురదతో మట్టిగడ్డ అయింది. హారన్ మోగాక దాణా వెయ్యకపోతే ఆవులు ఇంకెప్పుడూ నమ్మవు. బావ తిట్టుకుంటూ సీట్ల మీదుగా పాక్కుంటూ వెనక్కి వెళ్ళి వెనక తలుపు తెరిచాడు. పికప్పు తొట్టి అయితే ఎత్తుగా ఉంటుంది, నిలబడి విసరొచ్చు. ఇక్కడ తలుపు లేవగానే మందలో పెద్దావిడ, మేం డచెస్ అని పిలిచే ఆవు, ముందు కాళ్ళు రెండూ లోపల పెట్టి బస్తాలో తల దూర్చింది. బావ మూడో వరసలో, ఆవు మొహానికీ సీటుకీ మధ్య ఇరుక్కుపోయాడు.

“వెల్డా! దీన్ని దించవే!”

“నువ్వేగా అడిగావు మూడు వరసల్లో ఎవర్ని కూచోబెడతావని,” అంది అక్క.

ఎలాగో బస్తా కిందికి తోసి బయటపడ్డాం. దారి పొడుగునా బావ ఒకటే పాట. “మోసం! పచ్చి మోసం!”

“ఆవులు ఈ బండి దగ్గరికి వస్తే అన్నావు. వచ్చాయి. హారన్ ఎవరిదై ఉండాలో నువ్వు చెప్పలేదు.”

చెయ్యి కలిపాక మాట మాటే. మింగలేడు, కక్కలేడు. ఏడు గేట్ల దగ్గరా అక్కే దిగింది, ఆయన ఈసారి ఈల కూడా వేయలేదు. కానీ దిగనూ లేదు.

సోమవారం లాయిడ్ దుకాణంలో, కడిగి తుడిచిన ఎస్‌యూవీ పక్కన, శవం దగ్గర కూర్చున్నవాడిలా కూర్చున్నాడు బావ. మెడ దాకా గుండీలు పెట్టిన ఇస్త్రీ చొక్కా కూడా వేసుకొచ్చాడు, ఆఖరి చూపు అన్నట్టు.

“అయితే వెల్డా గారూ, తెల్లదేనా?” అన్నాడు లాయిడ్.

“కాదు,” అంది అక్క. “పికప్పు. ఒక్క వరస సీటు, పొడుగు తొట్టి. అదిగో, ఆ ఎర్రది.”

బావ తల ఎత్తాడు. ఆ ముఖం చూడాలి. పోయినవాళ్ళు లేచొచ్చినా అంత సంతోషపడేవాడు కాదు.

“నిజంగానా?”

“నిజంగానే. ఒక్క షరతు.”

“నీ ఇష్టం! ఏదైనా సరే! ఇదిగో చెయ్యి!” వినకుండానే కలిపాడు, ఊపాడు, లాయిడ్ సాక్షిగా.

“తాళాలు నావి,” అంది అక్క. “నువ్వు బండిలో ఉన్నా, లేకపోయినా.”

కాస్త సేపు ఆయనకు ఏమీ అర్థం కాలేదు. ఎర్ర పికప్పు దగ్గరికి వెళ్ళి, అలవాటు కొద్దీ ఎడమవైపు తలుపు మీద చెయ్యి వేశాడు. అక్క ఆ చేతిని మెల్లగా తీసి పక్కన పెట్టి తను ఎక్కింది. నేను మధ్యలోకి జరిగాను, ఐస్‌బాక్సు నా ఒళ్ళో. డీకన్ ఒక్క గెంతులో తొట్టి ఎక్కి, తన రాజ్యం తనకు దక్కిందన్నట్టు మొరిగింది. బావ బండి చుట్టూ తిరిగి కుడివైపుకు వచ్చాడు. ఆ తలుపు పిడి ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది.

ఇప్పుడు మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. ఇక్కడ మొగుడూ పెళ్ళాం బండిలో వెళ్తూ పెళ్ళాం నడుపుతోందంటే దానికి రెండే అర్థాలు. మొగుడి లైసెన్సు పోయుండాలి, లేదా మొగుడే పోబోతుండాలి. హాలిస్ తాగడని అందరికీ తెలుసు. ఇక మిగిలింది రెండోదే.

మేం ఊరి మధ్యనుంచి వస్తూంటే పోస్టాఫీసు ముందు ఇద్దరు మాటలాపి టోపీలు తీశారు. పెట్రోలు బంకు దగ్గర ఒకావిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. శనివారం పలకరించని ఆ ముప్పై ఏళ్ళ స్నేహితుడు ఈసారి బండి పక్కకు తీసి ఆపేశాడు, శవయాత్రకు ఆపినట్టు.

“వీళ్ళకేమైంది?” అన్నాడు బావ.

“కొత్త బండి గదా, గౌరవం,” అంది అక్క.

మొదటి గేటు వచ్చింది. అక్క బండి ఆపి, స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేస్తూ ఈల అందుకుంది. బావ నావైపు చూశాడు. నేను ఎదురుగా రోడ్డు చూశాను. చాలాసేపటికి తలుపు తెరుచుకున్న చప్పుడైంది.

తీయడం ఎలాగో తీశాడు. బండి దాటింది. మూయడం దగ్గర మొదలైంది అసలు తమాషా. కర్ర అడుగు ఉచ్చులో పెడితే తల పక్కకు పోతోంది. తల నెడితే అడుగు జారుతోంది. ఒకసారి తీగ ఎగిరి టోపీ పట్టుకుపోయింది. ఇంకోసారి ఇస్త్రీ చొక్కా భుజం దగ్గర పర్రున చిరిగింది. అక్క అద్దంలో చూస్తూ ఈల వేస్తూనే ఉంది.

మధ్యలో కూర్చున్నవాళ్ళకు పని లేదన్నాను. ఆ రోజు నేనొక్క పని చేశాను. మూత తీసి బటన్ నొక్కాను.

ముందురోజే మందను ఈ మొదటి పొలానికి తోలాం. గుట్ట వెనక నుంచి మా ఎద్దులూ, ఆవులూ, దూడలూ బయల్దేరాయి. తెరిచి ఉన్న గేటు, దాని మధ్యలో కర్ర పట్టుకుని బావ. “ఓర్లీన్! నీ తల పగలగొడతా!” అని అరుస్తూ ఆయన కర్రను రెండు చేతులా వాటేసుకుని, చెంప ఆనించి, కళ్ళు మూసుకుని, ఉన్న బలమంతా పెట్టి నెట్టాడు. డచెస్ వెనక నుంచి భుజం మీదుగా మెడ చాచి ఆయన చెవి నాకే సరికి ఉచ్చు టక్కున పడింది.

ఆయన ఆవుల్ని తోసుకుంటూ బండి దగ్గరికి వచ్చాడు. కుడివైపుకు కాదు, అక్క వైపుకు. చేతుల్లో గీతలు, మొహం మీద చెమట. అక్క అద్దం దించింది.

“అదెప్పట్నుంచే అంత బిగువుగా ఉంది?”

“నువ్వు బిగించినప్పట్నుంచీ.”

“మరి నాకు ఎప్పుడూ చెప్పలేదేం?”

“చెప్పాను,” అంది అక్క. “అక్కడే నిలబడి చాలాసార్లు చెప్పాను. నువ్వు అద్దం దించలేదు.”

అల్లరంతా నాలోంచి ఎగిరిపోయింది. చలికాలాల్లో ఆ బండిలో హీటరు పక్కన వెచ్చగా కూర్చుని, గాజు అవతల ఆమె నోరు కదలడం నేనూ చూశాను. గాలికి ఏదో పాడుకుంటోందనుకున్నాను. బావ తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు, తర్వాత స్టీరింగు మీద ఉన్న అక్క చేతులు చూశాడు. ఆ చేతుల మీద గీతలు ఆయనకు కొత్త కావు, కానీ అవి ఎక్కడివో ఆయన ఎప్పుడూ అడగలేదు.

“ఎక్కు,” అంది అక్క, మెత్తగానే. “ఇంకా ఆరున్నాయి.”

ఆ సాయంత్రం ఇంటికి వంటకాలు రావడం మొదలైంది. మా ఊళ్ళో ఎవరైనా మంచం పడితే ఓవెన్‌లోంచి తీసిన గిన్నెలు అలాగే వచ్చేస్తాయి, అడుగున పేరు రాసిన టేపు అంటించుకుని. చికెనూ అన్నం, బంగాళాదుంపలూ చీజు, బీన్స్ మీద వేయించిన ఉల్లిపాయలు. పాస్టరు భార్య బావ చెయ్యి పట్టుకుని, “ధైర్యంగా ఉండు హాలిస్,” అంది. చిరిగిన చొక్కా, చేతుల మీద గీతలు చూసి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జబ్బేమీ లేదని చెబితే, మరి వెల్డా ఎందుకు నడిపిందని అడుగుతారు. అసలు కారణం ఊరంతా తెలియడం కన్నా చావుబతుకుల్లో ఉండడమే నయమనుకున్నాడు బావ. “ఏదో, అలా నడుస్తోంది,” అని నీరసంగా మూలిగి, నాలుగో రకం వడ్డించుకున్నాడు.

తర్వాత నెల రోజులు ఆయన గేట్లు తీశాడు. మొదటి వారం తిట్టుకున్నాడు. రెండో వారం తీగలన్నీ వదులు చేశాడు. మూడో వారం ఏ గుమ్మంలోనూ నిలబడి ఎవర్నీ గాలి పీల్చుకోవడానికి పిలవలేదు. నాలుగో వారం గుంట తవ్వే యంత్రం వచ్చింది. గేటు ఉన్న ప్రతి చోటా గేటు పీకేసి, గుంట తవ్వించి, పైన ఇనుప గొట్టాలు పరిపించాడు. బండి గడగడమంటూ దాటిపోతుంది, ఆవు మాత్రం వాటి మీద కాలు పెట్టదు. ఎవరూ దిగక్కర్లేదు. ఇది కొత్త విద్యేమీ కాదు, మా ఇరుగుపొరుగు పొలాల్లో మా చిన్నప్పటినుంచీ ఉంది. నలభై ఏళ్ళు మా అక్క దిగినప్పుడు ఆ గేట్లు ముచ్చటగానే ఉన్నాయి. నాలుగు వారాలు తను దిగేసరికి ఒక్కటీ మిగల్లేదు.

ఆఖరి గొట్టం బిగించిన రోజు బావ స్నానం చేసి, తల దువ్వుకుని, ఎర్ర పికప్పు ఎడమ తలుపు పక్కన చెయ్యి చాచి నిలబడ్డాడు.

“ఇక గేట్లు లేవు గదే వెల్డా. నువ్వు దిగే పనే లేదు. తాళాలిటియ్యి.”

అక్క ఆయన్ని దాటుకుని ఎక్కి కూర్చుంది. నేను మధ్యలోకి జరిగాను. ఆమె ఇంజిన్ వేసి, తన వైపు అద్దం పూర్తిగా దించి, ఆయన వంక చూసి నవ్వింది.

“గేట్లు లేవు గదా హాలిస్, ఆ వైపు ఇప్పుడు హాయిగా ఉంటుంది. రా, కాస్త గాలి పీల్చుకుందువుగాని.”